రెండో జేగంట తర్వాత

పాతికేళ్ళుగా జనం చెప్పే అబద్ధాలు పట్టుకుని బతుకుతున్న అక్కగారికి ఆ రోజు టైమెంతయిందో కూడా తెలియదు. మధ్యాహ్నం అయి ఉంటుందని కడుపు చెబుతోంది. కానీ పొద్దుటి నుంచీ ఆ కడుపు మాట మీద కూడా ఆవిడకి నమ్మకం పోయింది. కిటికీ బయట వెలుతురు తెల్లారినప్పటి నుంచీ ఒకే తీరుగా, బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. మంచు పడుతూనే ఉంది.

చేతికి వాచీ లేదు. ఈ ఆరోగ్య విడిదిలో అడుగుపెట్టిన రోజే వాచీలూ ఫోన్లూ కవర్లలో పెట్టి అతికించి తీసేసుకున్నారు. కాలం మీద ధ్యాస పోతేనే ఒంట్లో రోగం పోతుందట. గోడ గడియారం అన్నది ఇంటి మొత్తానికీ లేదు. వరండాలో బల్ల మీద ఒక ఇసుక గడియారం, దాని నడుముకి గుర్తుగా ఒక ఎర్రదారం, పక్కనే వేలాడే జేగంట, ఇంతే సరంజామా. ఇసుక పూర్తిగా కిందికి జారగానే జేగంట కొట్టాలి, గడియారం తిరగేయాలి. ఒక జేగంటకీ ఇంకో జేగంటకీ మధ్య కాలాన్ని విడత అంటారు. జేగంట వినపడితే చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ వదిలేసి అందరూ తర్వాతి చోటికి కదలాలి. రెండో జేగంట నుంచి మూడో జేగంట వరకూ మాటల విడత. మిగతా రోజంతా నోరు కుట్టేసుకు కూర్చోవాలి. జేగంట కొట్టే పని అతిథులే వంతులేసుకుని చెయ్యాలి. ఈరోజు వంతు అక్కగారిది.

అక్కగారని అంటున్నానే గానీ ఆవిడ డిటెక్టివ్. ఊళ్ళో ఆఫీసు పెట్టిన నాటి నుంచీ కేసు పట్టుకొచ్చే పెద్దమనుషుల దగ్గర్నుంచి మెట్లు తుడిచే మనిషి దాకా అందరికీ అక్కగారే. ఈ పరాయి దేశం, ఈ చలి, ఈ టీ చుక్క లేని వారం ఆవిడ కోరి తెచ్చుకున్నవి. చెల్లెలూ మరిదీ కొన్ని నెలలుగా ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. మన భాషవాళ్ళంతా ఒక జట్టుగా వెళ్తున్నారు, వారం రోజులు పని గొడవలు లేకుండా ఒకచోట ఉంటే కాపురం దారిన పడుతుందని ఆవిడే ఇద్దరినీ ఒప్పించి లాక్కొచ్చింది. తనేమో మోకాళ్ళ నొప్పి సాకుతో వెంట వచ్చింది.

ఇప్పుడు ఆ మరిది నర్సు గదిలో ఒంటి మీద స్పృహ లేకుండా పడి ఉన్నాడు. చెల్లెలు దుప్పట్లు భద్రపరిచే గదిలో కూర్చుని ఉంది. ఆ గదికి తాళం వేయలేదు. ఈ మంచులో ఎక్కడికి పోతుందిలే అని కాపలా పెద్ద అనుకున్నాడు. కొండ కింద మంచు తీసే బండి వెనకాలే పోలీసు బండి వస్తోందని ఆఫీసు ఫోన్లో కబురు వచ్చింది. అది వచ్చిందంటే చెల్లెల్ని తీసుకుపోతుంది. భాష రాని చోట, చుట్టం పక్కం లేని చోట, ఒకసారి తీసుకుపోయాక మళ్ళీ ఎప్పుడు చేతికి వస్తుందో అక్కగారికి తెలియదు.

ముందు చెల్లెల్నే అడిగింది. చెల్లెలు తెల్లటి పొడుగు అంగీలో, కుడి అరచేతికి కట్టుతో, మడతపెట్టిన దుప్పట్ల మధ్య ముడుచుకుని ఉంది. అడిగినదానికి జవాబు చెప్పే ముందు ప్రతిసారీ ముక్కు తుడుచుకుంది. రెండో జేగంట మోగగానే తనూ ఆయనా ఆవిరి గదుల వైపు వెళ్ళారట. తొట్టి దగ్గరికి వచ్చిపోయిన పనివాడు తప్ప అటువైపు ఇంకెవరూ రాలేదు. మిగతా అతిథులంతా హాల్లో పొయ్యి చుట్టూ చేరి, నోళ్ళు తెరుచుకున్నాయన్న సంబరంలో గోల గోలగా ఉన్నారు. నర్సు కూడా వాళ్ళతోనే ఉంది. ఆవిరి గది బయట బెంచీ మీద భార్యాభర్తలు కాసేపు బాగానే మాట్లాడుకున్నారు. తర్వాత మాటా మాటా పెరిగింది. ఆయన విసురుగా ఆవిరి గదిలోకి పోయాడు. ఈవిడ వెనక తలుపు తీసుకుని చన్నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చుని, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది.

"ఎంతసేపు ఏడ్చావే?"

"ఏమో అక్కా. చాలాసేపు. జేగంట ఎంతకీ మోగలేదు."

మూడో జేగంట మోగాక లోపలికి వచ్చి చూస్తే ఆవిరి గది తలుపు పిడిలోంచి నేల తుడిచే కర్ర అడ్డంగా దూర్చి ఉంది. కర్ర లాగేసి తలుపు తీస్తే మనిషి గడప దగ్గరే పడి ఉన్నాడు. వెనక్కి పరిగెత్తి తొట్టిలోంచి బకెట్టుతో నీళ్ళు ముంచి తెచ్చి మొహాన కొట్టింది. అరిచింది. అక్కడితో అందరూ వచ్చారు.

"గొడవ దేని మీద?"

చెల్లెలు ఏదో ఇంటి సంగతి అంది. మధ్యలో ఆయన ఏదో ఫోను గోల ఎత్తాడంది. ఆ తర్వాత దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. చిన్నప్పుడు గిన్నె పగలగొట్టి దాచిన రోజున కూడా సరిగ్గా ఇలాగే చుట్టుకుంది. ఇది నా దగ్గర ఏదో దాస్తోంది అనుకుంది అక్కగారు. అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

మన భాషే మాట్లాడే నర్సుని వరండాలో పట్టుకుంది. మరిది ఊపిరి సమంగానే ఉందనీ, ఇందాక పిలిస్తే వేళ్ళు కదిలించాడనీ, ఇంకాసేపట్లో కళ్ళు తెరిచినా తెరవచ్చనీ నర్సు చెప్పింది. మాటల విడతలో హాలు దాటి ఎవరూ బయటికి రాలేదని కూడా గట్టిగా చెప్పింది. రోజూలాగే రెండో జేగంట మోగగానే పనివాడు చన్నీళ్ళ తొట్టి మీది మంచుగడ్డ పగలగొట్టి ఏరేసి, చేతులు కాచుకోవడానికి హాల్లోకే వచ్చాడు. మరి మిగిలింది ఎవరని అడిగితే నర్సు కాస్త తటపటాయించి, "మీరూ, మీ చెల్లెలుగారూ, కాపలా సారూ. మీరు జేగంట దగ్గర ఉన్నారు. సారేమో గేటు దాకా వెళ్ళారు" అంది.

అక్కగారు ఆవిరి గదుల వైపు నడిచింది.

చూడ్డానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. ఇరుకు నడవా, చెక్క బెంచీ, ఎదురుగా ఆవిరి గది తలుపు, నడవా చివర రెండు తలుపులు. ఒకటి బాయిలరు గదిలోకి, రెండోది చన్నీళ్ళ తొట్టి దగ్గరికి. బాయిలరు గదికి బయటి నుంచి కూడా దారి ఉంది. దాని గుమ్మం ముందు అడుగు జాడలుంటాయేమోనని వంగి చూసింది. పడుతున్న మంచు పొద్దుటి సంగతులన్నీ కప్పేసి ఏమీ ఎరగనట్టు ఉంది. తుడుపు కర్ర నడవాలోనే గోడకి ఆనించి ఉంది. రోజూ ఉండే చోటు అదే. ఎవరైనా తీసి దూర్చవచ్చు.

వెనక తలుపు తీసి గట్టు మీదికి వెళ్ళేసరికి చలి పళ్ళు పీకేలా కొట్టింది. తొట్టి మీద రేకు కప్పు ఉంది కాబట్టి పడే మంచు అందులోకి రాదు. గట్టు మీద ఒక బకెట్టు పడి ఉంది, దాని అంచు చిట్లింది. దాని పక్కన చెల్లెలు నీళ్ళు ముంచేటప్పుడు పగలగొట్టి పక్కకి తోసిన గడ్డ ముక్కలు ఉన్నాయి. ఒక ముక్క అంచుకి రక్తం మరక. అరచెయ్యి ఎక్కడ తెగిందో తెలిసింది, బాగానే ఉంది. అక్కగారు ఆ ముక్క చేతిలోకి తీసుకుని తిరిగి వెళ్ళబోయి ఆగిపోయింది.

ముక్క బడిపలకంత మందం ఉంది.

రోజూ మూడో జేగంట తర్వాత అందరూ ఈ తొట్టిలో ఒక మునక వేయాలి. రెండో జేగంటకి పనివాడు శుభ్రం చేసిన నీళ్ళ మీద అప్పటికి కిటికీ అద్దమంత పల్చటి పొర కట్టి ఉంటుంది. నిన్న అక్కగారే దాన్ని కాలి బొటనవేలితో పొడిచి పగలగొట్టి, అబ్బో అని దిగింది. అలాంటిది ఈరోజు బకెట్టు అంచు చిట్లేలా కొడితే గానీ పగల్లేదు. చలి ఎక్కువైందేమోనని స్తంభానికి కట్టిన ఉష్ణమాపకం చూసింది. నిన్న చూసిన గీత కంటే పాదరసం కాస్త పైనే ఉంది. అంటే చలి తగ్గింది, గడ్డ మందమైంది.

ఇంత గడ్డ కట్టాలంటే రోజూ పట్టేదానికన్నా చాలా ఎక్కువ సేపు పట్టాలి. కానీ జేగంట కొట్టింది ఆవిడే. ఇసుక జారడం కళ్ళారా చూసి, ఆఖరి రేణువు పడ్డాక కొట్టింది. మధ్యలో కునుకు పట్టిందా? అయిపోయిన ఇసుక ముందు నోరు తెరుచుకుని నిద్రపోయిందా? చెల్లెలు జేగంట ఎంతకీ మోగలేదంది. మూడో జేగంట కొట్టేటప్పుడు తనకీ ఆకలి దంచేసిన మాట నిజం. కాదు, నేను నిద్రపోలేదు అని ఒకసారి అనుకుంది. నిద్రపోయినవాళ్ళంతా అనే మాట అదే కదా అని ఇంకోసారి అనుకుంది. తన కళ్ళని తనే నమ్మలేని డిటెక్టివ్ ఎందుకూ పనికిరాదని ఆవిడకి తెలుసు. ముక్కని మళ్ళీ ఆ గట్టు మీదే పెట్టి లోపలికి నడిచింది.

కాపలా పెద్ద ఆఫీసు గదిలో ఉన్నాడు. అందరూ తెల్ల అంగీల్లో తిరిగే ఆ ఇంట్లో అతనొక్కడే నల్ల కోటు తొడుక్కుంటాడు కాబట్టి అతిథులు చాటుగా కోటాయన అంటారు. అతనెవరో అక్కగారికి ఆ పేరు పెట్టకముందే తెలుసు. మూడేళ్ళు ఆవిడ ఆఫీసులోనే పనిచేశాడు. పని నేర్పింది ఆవిడే, ఒక సాయంత్రం తాళంచెవులు బల్ల మీద పెట్టి వెళ్ళిపొమ్మన్నదీ ఆవిడే. ఎందుకు పొమ్మందో ఇద్దరికీ గుర్తే. ఇక్కడ ఎదురుపడ్డ రోజు నుంచీ ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. మంచుకి కొండ కింది వంతెన మూసుకుపోయి మేనేజరు రాలేకపోవడంతో ఈ వారం ఇంటి పెత్తనమంతా అతనిదే.

అతని ముందు కప్పులో టీ పొగలు కక్కుతోంది. అక్కగారి కళ్ళు ముందు దాని మీదికే వెళ్ళాయి.

"అతిథులకి నిషేధం, మేడమ్" అన్నాడు కోటాయన, కప్పు తన వైపు జరుపుకుంటూ.

చెల్లెలి మీద తను కట్టిన కేసు అతను ఒప్పజెప్పాడు. మొగుడూ పెళ్ళాలకి పడదు, అందరికీ తెలుసు. ఈరోజు గొడవ పడ్డారు, ఆవిడే ఒప్పుకుంది. ఆ వైపు ఇంకెవరూ లేరు. కర్ర దూర్చేటప్పుడు చెయ్యి గీరుకుంది, కట్టు కూడా ఉంది. తలుపు బయట ఎవరున్నారు, లోపలి మనిషంటే ఎవరికి గిట్టదు, ఈ రెండూ చూస్తే చాలని నేర్పింది మీరే కదా అని కూడా అన్నాడు. అది తాగుబోతు మొగుళ్ళ కేసులకి చెప్పిన మాట అంది అక్కగారు. చెయ్యి తెగింది గడ్డ వల్ల, రక్తం మరకతో సహా ముక్క గట్టు మీద ఉంది, పోయి చూసుకోమంది. అతను చూసుకోనన్నాడు. సాక్ష్యం తెచ్చింది ముద్దాయి అక్క అయినప్పుడు తను చూడనక్కర్లేదని కూడా అన్నాడు. ఆవిడ ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు.

"నువ్వు గేటుకి ఎప్పుడు బయల్దేరావు?"

"నన్నే విచారిస్తున్నారా? సరే. మీరు రెండో జేగంట కొడుతుంటే గడప దాటాను. మూడోది కొడుతుంటే గడప ఎక్కాను. గేటు దాకా పోయి రావడానికి సరిగ్గా ఒక విడత పడుతుంది. వచ్చిన రోజు మీరూ నడిచారుగా."

అదీ నిజమే. బండి పైదాకా రాక అందరూ ఆ దారిన నడిచే వచ్చారు. కోటాయన వచ్చి మంచు బండి సంగతి అడిగి వెనక్కి వెళ్ళాడని గేటు మనిషి ఫోన్లో నర్సుకి చెప్పాడు కూడా. రెండో జేగంట కొట్టేటప్పుడు అతను బల్ల పక్కనే వంగి బూట్ల తాళ్ళు బిగించుకోవడం, మూడోది కొట్టేటప్పుడు తలుపు దగ్గర భుజాల మంచు దులుపుకోవడం అక్కగారు తన కళ్ళతోనే చూసింది.

"వాచీ చూసుకున్నావా?"

అతను కోటు చెయ్యి పైకి లాగి మణికట్టు చూపించాడు. కాపలావాళ్ళకి వాచీల నిషేధం లేదు. ఆ కొండ మీద ఉన్న వాచీ అదొక్కటే.

"పోయేటప్పుడూ చూశాను, వచ్చేటప్పుడూ చూశాను. ముప్పావుగంట. రోజూ ఎంతో అంతే. ఈ ఇంట్లో అబద్ధమాడని వస్తువు ఇదొక్కటే, మేడమ్."

వాచీ ఉన్న మనిషి రోజూ అంతే అంటున్నాడు. అంటే తను నిద్రపోలేదు, జేగంట ఆలస్యం కాలేదు. మరి గడ్డ? రక్తపు మరక ఉన్న ఆ ముక్క పాతదేమో. పనివాడు నిన్న పక్కన పడేసినదేమో. లేదూ, గడ్డల గురించి ఏమీ తెలియని తను ఊరికే ఊహల్లో మేడ కడుతోందేమో. అదే నిజమైతే మిగిలేది చెల్లెలు ఒక్కతే. ఆ మాట తలలో మెదిలేసరికి ఆవిడకి కన్నీళ్ళు వచ్చినంత పనైంది.

కోటాయన అది కనిపెట్టాడు. మెత్తగా మాట్లాడాడు. పోలీసు బండి కనపడగానే తనే జేగంట కొడతాననీ, అప్పుడు నర్సుతో సహా ఇంట్లో ఒక్కరు మిగలకుండా హాల్లోకి రావాలనీ, ఆ సంగతి నర్సుకి కూడా చెప్పి ఉంచాననీ అన్నాడు. ఈలోపు మీరు కాస్త నడుం వాల్చండి, వయసు మీద పడింది కదా అన్నాడు. ఆ చివరి మాటతో ఆవిడ ఓర్పు కాస్తా ఊడిపోయింది.

"నడుం వాల్చడానికి బోలెడు టైముందిలే. మా మరిది అప్పుడే వేళ్ళు కదిలిస్తున్నాడు. నీ పోలీసులు వచ్చేలోపే కళ్ళు తెరుస్తాడు. ఎవరు ఏం చేశారో వాడి నోటితోనే వింటావు."

అతను కప్పు కింద పెట్టాడు. చప్పుడు కాకుండా, చాలా జాగ్రత్తగా పెట్టాడు.

"అంతకంటే కావలసిందేముంది, మేడమ్" అన్నాడు.

వరండాలోకి వచ్చి జేగంట బల్ల ముందు కూలబడింది అక్కగారు. పొద్దుటి గోల తర్వాత ఎవరూ గడియారం తిరగేయలేదు, ఇసుకంతా కింద ముద్దగా పడి ఉంది. దాని మొహం చూస్తూ కూర్చుంటే పొద్దున్న కూర్చున్నదంతా గుర్తొచ్చింది. ఇసుక దారంలా జారింది. అవును, దారంలా. నిన్న వంతు తనది కాదు గానీ పక్కన నిలబడి చూసింది. నిన్న ఇసుక ఇంత సన్నంగా జారినట్టు లేదు. మళ్ళీ అదీ భ్రమేనేమో.

హాల్లో ఇంకో ఇసుక గడియారం ఉంది. సాయంత్రం మౌన విడత పెద్దది కాబట్టి దానికి అది వాడతారు. కొయ్య చట్రం, సైజు, అన్నీ కవల పిల్లల్లా ఒకటే. కాకపోతే దాని నడుములో రంధ్రం బాగా సన్నం, ఇసుక నింపాదిగా జారుతుంది. రెండూ కలిసిపోకుండా ఉండాలనే వరండా గడియారానికి ఎర్రదారం కట్టారు. అక్కగారు హాల్లోకి వెళ్ళి ఎవరి మొహం చూడకుండా ఆ రెండోది చంకన పెట్టుకుని వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి ఒకేసారి తిరగేసింది.

కాసేపు తేడా తెలియలేదు. ఆ తర్వాత తెలియడం మొదలైంది. హాలు నుంచి తెచ్చినదాంట్లో ఇసుక గబగబా దిగుతోంది. ఎర్రదారం ఉన్నదాంట్లో నింపాదిగా, పెళ్ళినడక నడుస్తోంది. చూస్తుండగా మొదటిది సగం ఖాళీ అయింది. ఎర్రదారంది ఇంకా ముప్పావు వంతు నిండుగానే ఉంది.

పొద్దున్న తన ముందు జారింది సాయంత్రం గడియారం. ఎవరో గడియారాలు మార్చి, దారం కూడా దీనికి మార్చి కట్టారు. తను నిద్రపోలేదు. గడ్డ అబద్ధం చెప్పలేదు. మాటల విడత దాదాపు రెండింతలు సాగింది. అయితే వాచీ చూసుకున్న ఆ ఒక్క మనిషికి ఈ సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది? రోజూ ఎంతో అంతే అని ఎందుకన్నాడు? గేటుకి పోయి వచ్చాక దాదాపు ఇంకో విడతంత సమయం మిగిలింది అతనికి. బాయిలరు గది దారిలో లోపలికి వచ్చి, కర్ర దూర్చి, చుట్టూ తిరిగి ముందు గుమ్మంలో మంచు దులుపుకోవడానికి చాలినంత. బూట్ల తాళ్ళు బిగించుకున్నాడట! వంగి చూసింది ఈ గడియారం నడుముని, మారిందో లేదో అని.

అక్కగారికి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణంలోనే ఆ ప్రాణం ఉసూరుమంది. ఎందుకంటే ఎర్రదారం ముడి అప్పుడే ఆవిడ కంట్లో పడింది. మామూలు ముడి కాదది. రెండు రెక్కలు, కింద వేలాడే రెండు తోకలు, నడుమ ఒక మెలిక ఎక్కువ. బడికి పంపేటప్పుడు అమ్మ ఇద్దరి జడలకీ రిబ్బను అలా కట్టేది. అక్కగారికి ఆ మెలిక ఎప్పటికీ పట్టుబడలేదు. చెల్లెలికి పట్టుబడింది.

రెండు గడియారాలనీ రెండు చేతుల్లో నిలువుగా పట్టుకుని దుప్పట్ల గదికి వెళ్ళింది. వాటిని కిటికీ గట్టు మీద పెట్టి, ఏమీ అడగకుండా ముడి మీద వేలు పెట్టి చూపించింది. చెల్లెలు చూసి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"నీ చేత దొంగ జేగంట కొట్టించానని ఎలా చెప్పను అక్కా?"

వేడినీళ్ళకి అక్కగారు వంటగదికి వెళ్ళినప్పుడు మార్చిందట. నేను చూస్తుంటాలే అని గుసగుసగా చెప్పి తనే పంపించింది. తిరిగొచ్చేసరికి, ఇసుక అయిపోయింది అక్కా, కొట్టు అని సైగ చేసింది. వారమంతా ఆయనతో మాట కలిపే లోపే మూడో జేగంట మోగిపోతోంది. మంచీ చెడూ ఎత్తుకుని, కోపాలు దాటి, అసలు మాట దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకోవాలి. ఇంకొక్క రోజులో వారం అయిపోతుంది. ఒక్కసారి కావలసినంత సేపు మాట్లాడితే చాలనుకుంది. తీరా టైము చిక్కితే ఆయన కాపురం సంగతి వదిలేసి ఫోను సంగతి పట్టుకున్నాడు. ఫోన్లు బాగుచేసే షాపాయన కదా, ఎక్కడున్నా అదే ధ్యాస అని తనకి ఒళ్ళు మండి లేచి వెళ్ళిపోయింది.

"ఫోనుకేమైందే? సరిగ్గా ఏమన్నాడో చెప్పు."

"నిన్న షాపుకి ఫోన్ చేసుకుంటానని అడిగితే ఆఫీసులో తీసిచ్చారట. నిండుగా చార్జీ పెట్టి, ఆపేసి ఇచ్చిన ఫోను. తీసి చూస్తే చార్జీ సగానికి దిగిపోయి ఉందట. కవరు కూడా కొత్త కవరట, ఇదేమిటని అక్కడే నిలదీశారట. మన అందరి ఫోన్లూ ఎవరో తెరిచి చూస్తున్నారు, పోలీసులకి చెప్పాలి అన్నారు. ఇప్పుడా ఆ గోల అన్నాను నేను."

అక్కగారు ఆ రోజు సాయంత్రం కోటాయన చేత తాళంచెవులు బల్ల మీద పెట్టించి వెళ్ళగొట్టింది ఇందుకే. కేసు తెచ్చినవాళ్ళ ఫోనుల్లోంచి ఫోటోలు తన ఫోనులోకి ఎక్కించుకుంటున్నాడని. తర్వాత వాటిని చూపించి బెదిరించేవాడని.

"చిట్టీ, గడియారం మార్చొచ్చని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నిన్న సాయంత్రం మెట్ల మీద ఏడుస్తుంటే ఆ కోటాయన వచ్చి గుసగుసగా పలకరించాడు. మాటల విడత చాలట్లేదండీ అంటే నవ్వాడు. పోయిన నెలలో ఒక జంట హాల్లో గడియారం తెచ్చి ఇక్కడ పెట్టేశారండీ, ఎవరూ కనిపెట్టలేదు అన్నాడు. అంతే. మంచివాడనుకున్నాను."

చెల్లెలికి ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. అక్కగారికి అర్థమైంది. చెల్లెలి ఏడుపు, మరిది అనుమానం, తన వంతు, మూడూ కలిపి తాడు పేనుకున్నాడు. ఇంక అతనికి అడ్డమల్లా వేళ్ళు కదిలిస్తున్న ఆ ఒక్క మనిషి. ఆ కబురు అతనికి చేరవేసింది ఎవరో కాదు, తనే. టీ ఇవ్వలేదన్న కోపంలో, వయసు మీద పడిందన్న కోపంలో, చిన్నపిల్లలా నోరు జారింది. నర్సుకి ముందే చెప్పి ఉంచాడు, జేగంట మోగితే నువ్వు కూడా హాల్లోకి రావాలని.

"లే. మీ ఆయన దగ్గరికి పోయి కూర్చుందాం. పోలీసులు వచ్చే దాకా ఆ గదిలోంచి కదలొద్దు" అంది చెల్లెల్ని రెక్క పట్టుకుని లేపుతూ.

అప్పుడే జేగంట మోగింది.

అక్కగారు కిటికీ వైపు చూసింది. గట్టు మీద ఒక గడియారం ఖాళీ అయిపోయింది, ఎర్రదారం గడియారంలో ఇంకా బోలెడంత ఇసుక ఉంది. వాటి వెనక అద్దంలోంచి కొండ దారి వంపు దాకా కనిపిస్తోంది. పోలీసు బండి లేదు. మంచు బండి లేదు. తెల్లటి దారి మీద చక్రం గీత ఒక్కటి కూడా లేదు. వరండాలో ఆ చివర తలుపు తెరుచుకుని, నర్సు చెప్పులు టకటకమంటూ హాలు వైపు వెళ్ళిపోయాయి.

చెల్లెలు అక్క చెయ్యి విదిలించుకుని పరిగెత్తింది. వెనకాలే మోకాళ్ళ నొప్పి మర్చిపోయి అక్కగారూ పరిగెత్తింది. హాల్లోంచి వచ్చే గోలలో నర్సుని వెనక్కి రమ్మని అరిచిన అరుపు ఎవరికీ వినపడలేదు. కట్టు ఉన్న చేత్తో చెల్లెలు నర్సు గది తలుపు తోయబోతుండగా లోపలి నుంచి గడియ పడింది.